కూత ఆపిన జిలేబి

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నాకూ షుగర్ వచ్చింది. హబ్సిగూడల డాక్టర్ మందులిస్తనే, తలకు వైర్లు పెట్టి మిషిన్ ముంగట కూసోబెడుతుండు. మనసు నిమ్మలమైతే దాని కూత ఆగుతది. గట్ల అలవాటైతే షుగర్‌కు గూడ జర మంచిదేమో సూద్దామన్నడు.

కీర్తనలు తలుసుకున్న, ఆగలే. ఆదివారాలు నాచారం చర్చిల ప్రార్థన అయిపోంగనే, వదినకు తెల్వకుండ మనిద్దరం తినే వేడి జిలేబి యాదికొచ్చింది. కూత టక్కున ఆగింది.

"ఏం తలచుకున్నారు?" అనడిగిండు డాక్టర్.

పక్కనే వదిన కూసుంది. "ప్రార్థన" అని చెప్పిన.

"రోజూ అదే తలచుకోండి" అన్నడు.

ఉప్పల్ బస్సెక్కినంక వదిన ముసిముసిగ నవ్వింది. "మీ అన్న గూడ మీసాలకు పాకం పెట్టుకొనొచ్చి, ప్రార్థన లేటైందనే చెప్తుండె."