పెరటి గోడ మీది చిమ్మట

అక్కయ్యా,

ప్రియమైన అని మొదలుపెట్టి కొట్టేశాను. మొన్న మా మ్యూజియం పెద్దసారును చిమ్మట చూపిస్తానని వెంటబెట్టుకుని మీ పెరట్లోకి వచ్చాను. ఇంటికి తాళం. గోడ చూద్దును కదా, పాచి మొత్తం గీకేసి సున్నం కొట్టేశారు! బియ్యపు గింజలో సగం కూడా లేని ఆ చిమ్మట, నాకు తెలిసి, లోకంలో ఆ ఒక్క గోడ మీదే ఉంది. దాని పిల్లపురుగు ఇసుక రేణువులు అతికించి సంచి కట్టుకుని, దాన్ని మోసుకుంటూ పాచి తిని బతుకుతుంది. ఆడదానికి రెక్కలే ఉండవు, పుట్టిన గోడ దాటి పోలేదు. తడి ఆరితే పాచి చస్తుంది, పైపు కారితే కారనివ్వండని మీ కాళ్లావేళ్లా పడ్డాను కదా! పెద్దసారు నవ్వి ఊరుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇది బావ పనే. వెల్డింగ్ చేసే చేతికి ఏం కనబడినా గీకెయ్యాలనే ఉంటుంది. ఇక మీ ముఖం చూడను.

కోపంతో,
నీ తమ్ముడు

తమ్ముడూ,

మా ముఖాలు ఎప్పుడు చూశావని? పెరటి తలుపు తోసుకుని వచ్చి, గోడకు భూతద్దం పెట్టి, అటునుంచి అటే పోయేవాడివి. బావ ఎలా ఉన్నాడని అడిగిన పాపాన పోలేదు. ఆ గోడకు ఇవతల మా మంచం ఉంది. నీ పాచికి కావలసిన తడి మా పరుపులోకి దిగింది. వెల్డింగ్ పొగకు అప్పటికే పాడైన ఊపిరితిత్తులాయనవి. పడుకుంటే గాలి అందక, కూర్చునే కునుకు తీసేవాడు. అయినా “వాడి పురుగుల గోల వాడిది, పోనీలేవే” అంటూ నన్ను పైపు బాగుచేయించనివ్వలేదు. నాకే కడుపు మండింది. గీకించింది నేను, సున్నం కొట్టించిందీ నేను. నువ్వొచ్చిన రోజు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాను.

ఇంకోటి కూడా విను. గీకే ముందు ఆయన పీట వేసుకుని కూర్చుని, ఆయాసపడుతూనే పాచిని పెచ్చులు పెచ్చులుగా ఊడదీశాడు. పురుగులతో సహా రేకు డబ్బాలో సర్ది, వెనక ఎవరూ ఉండని ఒక తడిగోడ వెతికి అక్కడ అంటించి వచ్చాడు. ఆసుపత్రి నుంచి వస్తూ బండి ఆపించి మరీ చూశాడు. పాకుతున్నాయని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. “వాడికి చెప్పవే, సంతోషిస్తాడు” అని ఒకటే పోరు. ఆ గోడ ఎక్కడుందో మాత్రం నేను చెప్పను. కావాలంటే వచ్చి ఆయన్నే అడుగు. ఆయాసం కదా, మెల్లగా చెబుతాడు. కూర్చుని విను.

నీ అక్క