నూట ముప్ఫై గ్రెయిన్ల గుండు

మిషిగన్ రాష్ట్రం, ఫార్మింగ్టన్ హిల్స్ వాస్తవ్యుడిని, కీర్తిశేషులు కోటయ్య గారి కుమారుడిని, డెబ్బై ఒక్క ఏళ్ళ పరంధామయ్యను, ఈ వీలునామాను నా సొంత దస్తూరీతో రాసుకుంటున్నాను. డాక్టరు నా ఊపిరితిత్తుల గురించి చాలా చెప్పాడు గానీ బుర్ర గురించి ఏమీ అనలేదు. ఎవరి ఒత్తిడీ లేదు, ఎవరి బుజ్జగింపూ లేదు. గతంలో రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. వాటిలో ఐదో అంశం రాయడానికి నాకు ధైర్యం చాలలేదు.

1. నా స్వార్జితమైన ఇల్లు, బ్యాంకులో ఉన్నది యావత్తూ మోరిస్‌విల్‌లో ఉంటున్న నా ఏకైక కుమార్తె రాగిణికి సర్వహక్కులతో చెందాలి. దీన్ని అమలు జరిపే బాధ్యతా ఆమెదే. అమ్మా రాగిణీ, ఇల్లు అమ్మేటప్పుడు బేస్‌మెంట్ గోడ చెమ్మ గురించి కొనేవాళ్ళకు ముందే చెప్పు. దాచి మనం బాగుపడిందేమీ లేదు.

2. నా భార్య కీర్తిశేషురాలు కృష్ణకుమారి మంచు బూట్లు ఇంకా గరాజ్ తలుపు పక్కనే ఉన్నాయి. మూడేళ్ళయినా తీయడానికి చేతులు రాలేదు. ఎవరికిస్తావో నీ ఇష్టం, చెత్తలో మాత్రం వేయకు.

3. మా వెట్ గ్రైండర్‌ను ఎనిమిదేళ్ళ కిందట ఒక్క పూటకని పట్టుకెళ్ళిన వీరభద్రరావుకే దాన్ని రాసిస్తున్నాను. పాపం, ఇకనుంచైనా దర్జాగా రుబ్బుకోవచ్చు.

4. నా తుపాకులు, గుండ్లు తయారుచేసుకునే బల్ల, పనిముట్లు, తూకం తక్కెడ సహా, చట్టప్రకారం డీలర్ ద్వారా నా వేట నేస్తం జితేందర్‌కు చెందాలి. జితేందర్, నీకు నేను సలహా చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా నీ దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు నా మాటగా చెప్పు. జింకకు త్వరగా విచ్చుకునే తేలికపాటి గుండు చాలు. పెద్ద జంతువుకు బరువైన గుండు, లోపలి సీసం పైనున్న రాగి తొడుగుకు గట్టిగా అతుక్కుని ఉన్నది కావాలి. ఎముక తగిలినా ముక్కలవకుండా లోపలిదాకా వెళ్ళాలి. కాగితం మీద కాల్చి చూస్తే గుండు ఎక్కడ తగిలిందో తెలుస్తుంది గానీ తగిలాక ఏమవుతుందో తెలియదు. ఇది నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు.

5. ప్రస్తుతం టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటున్న, కృష్ణకుమారి తమ్ముడు దివాకర్‌కు నా బల్ల కింది సొరుగులో ప్లాస్టిక్ కవర్లో ఉన్న గుండు ముక్క చెందాలి. దానితోపాటు ఈ కింది నిజం కూడా.

2014లో దివాకర్‌కు లాటరీలో ఎల్క్ లైసెన్స్ తగిలింది. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్న. ఆ లైసెన్స్ జన్మలో ఒక్కసారి రావడమే గొప్ప. అప్పటికి వాడు హెచ్1బీ మీద ఉన్నాడు. వీసా మీద ఉన్నవాడు తుపాకీ పట్టాలంటే వేట లైసెన్స్ ఉండాలని, అన్ని కాగితాలూ ఫైల్లో పెట్టుకుని పెళ్ళికొడుకులా తయారయ్యాడు. గుండ్లు నేను చేసిచ్చాను. నూట ముప్ఫై గ్రెయిన్లవి, అంటే ఎనిమిదిన్నర గ్రాముల లోపు తూకం, జింకల కోసం చేసుకునే తేలికరకం. ఐదు కాలిస్తే ఐదూ ఒక క్వార్టర్ డాలర్ బిళ్ళ కింద పట్టేవి. జితేందర్ చెప్పనే చెప్పాడు: “అన్నా, ఎల్క్ బొక్కలు దొడ్డుగుంటయ్, గీ గుండు నడవదే.” నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళు కార్ల గేర్లకు ఉక్కు పరీక్షలు చేసినవాణ్ణి, నాకే లోహం గురించి చెప్తావా అని వాడి నోరు మూయించాను.

దివాకర్ కాల్చాడు. ఎల్క్ ముందుకాళ్ళ మీద కూలి, లేచి పోయింది. మంచులో నెత్తుటి చుక్కలు పట్టుకుని ఆ రోజంతా తిరిగాం. మర్నాడు మధ్యాహ్నం చిత్తడిలో కనిపించింది, ఇంకా బతికే ఉంది. రెండో గుండుతో దాని బాధ తీర్చి, దివాకర్ మంచులోనే కూర్చుండిపోయాడు. “బావా, నా వల్లే కదా దానికింత నరకం” అని ఏడ్చాడు. “చేయి వణికిందిరా, మొదటిసారి ఎవరికైనా అంతే” అన్నాను. ఆ క్షణానికి నేనూ అదే నమ్మాను.

నాలుగు రోజులకు మాంసం కోసిపెట్టే షాపతను ఆ ముక్క నా చేతిలో పెట్టాడు. తొడుగు ఒకవైపు, సీసం ఒకవైపు, భుజం ఎముక మీదే చితికిపోయి, నాలుగు వేళ్ళ లోతు కూడా వెళ్ళలేదు. గాయం సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. “కాల్చినవాడి తప్పేం లేదు, గుండుదే తప్పు” అన్నాడతను. నేను కవర్ జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. ఆ ఆదివారమే మా ఊరి మిత్రులు కృష్ణమూర్తి గారింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌ విందులో ‘మా బామ్మర్ది వణుకు’ కథ చెప్పి అందర్నీ నవ్వించాను. తర్వాత రెండేళ్ళపాటు ఎక్కడికెళ్ళినా అదే కథ. జితేందర్‌కు అనుమానం ఉండే ఉంటుంది, వాడు ఎప్పుడూ నవ్వలేదు.

దివాకర్ మళ్ళీ తుపాకీ ముట్టుకోలేదు. ఉద్యోగం మారి ప్లేనో వెళ్ళాక మా గడపా తొక్కలేదు. “వాడికి మనమేం చేశామండీ?” అని కృష్ణకుమారి అడిగినప్పుడల్లా, వాడికి రోషమెక్కువ అని తప్పించుకున్నాను. ఆ మాటే నమ్మి పోయింది పిచ్చిది. అంత్యక్రియలకు వాడు నేరుగా ఫ్యునరల్ హోమ్‌కే వచ్చి, అక్క కాళ్ళకు దండం పెట్టి, నా మొహం చూడకుండా ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయాడు. అక్కాతమ్ముళ్ళను విడదీసిన పాపం నాది. ఎంత ఏడ్చినా అది పోవడం లేదు.

షరతు: నా కర్మకాండలకంటే ముందు ఈ ఐదో అంశాన్ని కృష్ణమూర్తి గారింట్లో, నవ్వినవాళ్ళందర్నీ పిలిచి, రాగిణి పైకి చదవాలి. దివాకర్ వస్తే ముందు వాడికి అన్నం పెట్టండి. నన్ను క్షమించమని ఎవరూ వాణ్ణి అడగకూడదు.

6. దివాకర్ కూతురు హంసికకు. తెలుగు చదవడం రాదు గనుక రాగిణి ఫోన్‌లో చదివి వినిపించాలి.

హంసికా, నీకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంట్లో భోజనాల దగ్గర మీ నాన్నను అడిగావు: “డాడీ, నువ్వు నిజంగా మిస్ చేశావా? పాపం ఎల్క్‌కి హర్ట్ అయిందా?” మీ నాన్న నా వైపు చూశాడు. నేను నిజం ఒక్క మాట అంటే సరిపోయేది. నేను పెరుగు గిన్నె ఇటు జరపమన్నాను. “అవునమ్మా, మిస్ చేశాను” అన్నాడు మీ నాన్న. మీరు మా ఇంట్లో తిన్న ఆఖరి భోజనం అదే.

మీ నాన్న సరిగ్గానే కాల్చాడమ్మా. తప్పు గుండు ఇచ్చింది మామయ్య. తెలిసీ పదకొండేళ్ళు నోరు మూసుకున్నదీ మామయ్యే. ఇది విన్నాక మీ నాన్న దగ్గరికెళ్ళి, ఆ ప్రశ్న మళ్ళీ ఒక్కసారి అడుగు తల్లీ.

పై విషయాలన్నీ తిరిగి చదువుకుని, సమ్మతించి, 2025 నవంబరు 9, ఆదివారం నాడు మా వంటింటి బల్ల దగ్గర చేవ్రాలు చేశాను.

(సంతకం) పరంధామయ్య

సాక్షులు:
1. కృష్ణమూర్తి, ఫార్మింగ్టన్ హిల్స్
2. నమ్రత, పక్కింటి వాస్తవ్యురాలు