ముప్పై ఒకటిన ఒక నెల వెనక్కి

ఆగస్టు 1, మధ్యాహ్నం

భోజనవేళకు ముందే ఆమె ఆఫీసునుంచి వచ్చేసింది. పెళ్ళయిన నాటినుంచి పనిరోజున ఇలా వచ్చిన దాఖలా లేదు. చెప్పులు విడవకుండా సోఫాలో కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకుంది కాని తాగలేదు.

అడగగా అడగగా చెప్పింది. బ్లడ్ బ్యాంకు కంప్యూటర్లు ఆమె రాసిన షెల్ స్క్రిప్టుల మీద, అంటే యంత్రానికి వరుసగా ఇచ్చే ఆజ్ఞల పట్టీల మీద, నడుస్తాయి. అందులో ఒకటి నెల చివరి రోజున లేచి, అంతకు ముందు నెల రికార్డులను పాత అరలోకి సర్దుతుంది. నిన్న అది జూన్‌ను వదిలి జూలైని సర్దేసింది. తెల్లవారేసరికి ఫ్రిజ్‌లలో రక్తం సంచులున్నాయి. వాటికి ఏ పరీక్షలు జరిగాయో చెప్పే రికార్డు ఒక్కటీ తెరమీద లేదు. రికార్డు లేని రక్తం ఎవరికీ ఎక్కించకూడదు. ఆపరేషన్లు ఆగిపోయాయి. కొన్ని గంటల తరువాత అన్నీ తిరిగి దొరికాయి. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

అందులో నెల లెక్కకట్టే లైను నేనే మార్చానటండీ, నాకు గుర్తులేదు, అంది.

ఆ మాట మళ్ళీ అనలేదు. నేనూ అడగలేదు.

ఆగస్టు 2

బ్లడ్ బ్యాంకు డైరెక్టరమ్మ ఫోన్ చేశారు. మార్పు జూలై మధ్యలో ఆమె లాగిన్‌నుంచే జరిగిందట. పాత లైనుకు పైన ఆమే రాసుకున్న హెచ్చరిక ఉండేదట: దీన్ని పొట్టి చెయ్యకు, ముప్పై ఒకటిన దెబ్బతింటావు. ఆ హెచ్చరికనూ ఆమే చెరిపివేసింది. కోపం కాదు సార్, మేడమ్‌ని ఒకసారి డాక్టర్‌కి చూపించండి, అన్నారు.

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి పూలకుండీలకు నీళ్ళు పోశాను. ఉదయమే పోసిన సంగతి తరువాత గుర్తుకు వచ్చింది.

ఆగస్టు 4

ఈరోజు తేదీ చెప్పండమ్మా అన్నాడు డాక్టర్. ఏ టైమ్‌జోన్‌లో కావాలి డాక్టర్‌గారూ, అంది. ఆయన నవ్వలేదు. రాసుకున్నాడు. తేదీ సరిగానే చెప్పింది. గడియారం బొమ్మ గీసి ముళ్ళు సరిగానే పెట్టింది. మొదట వినిపించిన మూడు మాటలను తిరిగి చెప్పమన్నప్పుడు ఒకటే చెప్పగలిగింది.

ఇంతకీ ఏమిటండీ ఆ మాటలు, అని మెట్లు దిగుతూ అడిగింది. రుమాలు, వంతెన, ఉప్పు, అన్నాను. రుమాలు చెప్పాను కదా, అంది. ఆమె చెప్పినది ఉప్పు.

స్కాన్ రాశాడు. అలసట కావచ్చు, మరొకటి కావచ్చు, నెలాఖరువరకు సెలవులో ఉంచండి అన్నాడు.

ఆగస్టు 5

వంట చేశాను. ఇద్దరం తిన్నాం. నాకేమీ అనిపించడం లేదు. అనిపించవలసినదేదో పక్కగదిలో కూర్చుని ఉన్నట్టుంది.

ఆగస్టు 8, ఉదయం

పండితులవారూ, లాప్‌టాప్ ముందుకు దయచేయండి, అంది. నా బుర్ర పోయిందో లేదో ఆ డాక్టర్ తేల్చేదేమిటి. నేను చెప్తాను, మీరు నేర్చుకోండి. మీ తలకి షెల్ ఎక్కించగలిగితే నాది నిక్షేపంగా ఉన్నట్టే.

పద్యపాదాన్ని గణాలుగా విడదీసినట్టు తేదీని విడదీయించింది. ఏడాది ముందు, నెల తరువాత, రోజు చివర. ఆ వరుసలో పేర్లు పెడితే ఫైళ్ళు ఎవరూ చెప్పకుండానే కాలక్రమంలో నిలబడతాయట. యతి కుదిరినంత తృప్తి కలిగింది. రోజు అంకెకు ఒకటి కలపమంది. కలిపాను. తెరమీద ఎర్రర్ వచ్చింది.

నిన్నయితే వచ్చేది కాదు, అంది. ఈరోజు ఎనిమిది. షెల్ దాన్ని సున్నా ఎనిమిది అని రాస్తుంది. ముందు సున్నా కనబడితే ఎనిమిదింటి లెక్కలోకి దిగుతుంది. ఆ లెక్కలో ఏడు దాటితే అంకె లేదు. గురుదక్షిణగా రెండు బొటనవేళ్ళూ ఇచ్చేసుకుందండీ ఇది, ఎనిమిది వేళ్ళతో లెక్కపెడుతోంది.

శాస్త్రప్రకారం ఇచ్చింది ఒక్క బొటనవేలే కదా అన్నాను. ఇది అంతకన్నా అమాయకపు శిష్యుడు, అడక్కుండానే రెండోదీ ఇచ్చింది, అంది. నవ్వాను. ఈ మధ్య నవ్వలేదు. పది వేళ్ళతో లెక్కపెట్టమని ముందే చెప్పే గుర్తు ఒకటి రాయించింది. తొమ్మిది వచ్చింది.

నేను ప్రబంధాలు బోధించిన కళాశాలలో ఇంత స్పష్టంగా పాఠం చెప్పినవారు తక్కువ. నేను వారిలో లేను.

ఆగస్టు 9, ఉదయం

పండితులవారూ, లాప్‌టాప్ ముందుకు దయచేయండి, అంది.

అదే పాఠం. అదే ఎర్రర్. అదే గురుదక్షిణ. నా వంతు మాట నేనూ అన్నాను, ఒక్క బొటనవేలే కదా అని. ఆమె జవాబు చెప్పింది. నిన్నటిలాగే నవ్వాను.

ఆగస్టు 10

నిమేషం, కాష్ఠ, కల, ముహూర్తం అని పెద్దలు రెప్పపాటునుంచి కాలాన్ని కొలిచారు. షెల్ 1970 జనవరి ఒకటినుంచి సెకన్లు లెక్కపెడుతుందట. మనిద్దరం అంతకు ముందే పుట్టాం, దీని దృష్టిలో మైనస్ మనుషులం, అంది. ఈ పాఠం కొత్తది. సంతోషించవలసిందేమో.

ఆగస్టు 12

మరదలు వచ్చింది. బావగారూ, అక్కని ఇలా కూర్చోబెడితే తుప్పు పట్టిపోతుంది, పనిలోకి పంపండి, అంది. మీరు పుస్తకంలోంచి తల ఎత్తి ఉంటే జూలైలోనే కనిపెట్టేవారు, అని కూడా అంది. ఈమె అందుకుంది. ఆయన తల ఎత్తితే నన్ను చూడ్డానికనుకున్నావటే, కాఫీకి వేళయిందేమో గడియారం చూడ్డానికి. అక్కాచెల్లెళ్ళు పగలబడి నవ్వారు.

చెల్లెలి ఎదుటే ముప్పై ఒకటి సంగతి నాకు బోధించింది. జూలై ముప్పై ఒకటిన నిలబడి ఒక నెల వెనక్కి పొమ్మంటే షెల్ జూన్ ముప్పై ఒకటికి పోతుంది. అలాంటి రోజు లేదు. లేదని నోరు విప్పి చెప్పదు. మర్యాదగా ఒక రోజు ముందుకు జరిగి జూలై ఒకటిన నిలుస్తుంది. అందుకని మొదట నెల ఒకటో తేదీకి చేరుకుని, అక్కడినుంచి వెనక్కి అడుగు వేయాలి. తాను చెరిపిన లైను అదే. ఎందుకు చెరపకూడదో తడుముకోకుండా చెప్పింది. చెరిపిన మధ్యాహ్నం మాత్రం ఆమెలో ఎక్కడా లేదు.

చూశారా, బంగారంలా ఉంది, అని మరదలు గుమ్మందాటుతూ అంది.

ఆగస్టు 13

డైరెక్టరమ్మ మళ్ళీ ఫోన్. ఈ నెలకూ ముప్పై ఒకటి ఉంది సార్. ఇంకా బోలెడు స్క్రిప్టులున్నాయి, మేడమ్‌కి తప్ప ఎవరికీ కొరుకుడుపడవు. స్కాన్‌లో ఏమీ తేలలేదంటున్నారు. ఆమె పనిలోకి రావచ్చో లేదో మీరే చెప్పండి, దగ్గరుండి చూసేది మీరే కదా.

రావచ్చునంటే ఎవరికో అందవలసిన రక్తం మళ్ళీ ఆగవచ్చు. కూడదంటే ఆమె పని పోతుంది. పని పోతే ఆమెకు మిగిలేదేమిటో నాకు తెలియదు.

చెప్తానన్నాను.

ఆగస్టు 16

మళ్ళీ బొటనవేళ్ళు. ఎనిమిదో తేదీ దాటిపోయింది కనుక సున్నా ఎనిమిదిని తనే టైప్ చేసింది. నవ్వాను.

ఆగస్టు 19, సాయంత్రం

ఈరోజు ఆమె గురుదక్షిణ అనకముందే నవ్వాను.

ఆమె ఆగింది. తెరవైపు చూసింది, తరువాత నావైపు. ఇంకా చెప్పలేదు కదండీ, అంది.

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

ఇంతకు ముందు ఎన్నిసార్లు చెప్పాను, అని అడిగింది. మూడు అన్నాను. మూడుసార్లూ నవ్వారా? నవ్వాను. మీకు నటన రాదనుకునేదాన్ని, అంది.

లాప్‌టాప్ మూసింది. ఆరిన దుప్పటి తెచ్చి ఒక కొస నా చేతికిచ్చింది. ఇద్దరం మడతపెట్టాం.

ఆగస్టు 20

మాట్లాడుకోలేదు. దెబ్బలాడుకున్నట్టు కాదు.

ఆగస్టు 21

డైరెక్టరమ్మ అడిగిన సంగతి ఆమెకు చెప్పాను. మీరేం చెప్పేవారు, అంది. తెలియదన్నాను. అది నిజం.

నా ఎదుటే ఫోన్ చేసింది. ఆయన్ని ఇరికించకండి మేడమ్, నా సంగతి నేనే చెప్తాను, అంది. రోజూ వస్తాను. ఒక్కో స్క్రిప్టూ నోటితో విడమరచి చెప్తాను. టైప్ చేసేది ఒకరు, సరిచూసేది ఇంకొకరు. నా చేతికి మాత్రం కీబోర్డు ఇవ్వకండి. అడిగినా ఇవ్వకండి. ఎందుకివ్వరని నేను కేకలేసినా ఇవ్వకండి.

ఈమె ఫోన్ చెవినుంచి తీసి, లైను కట్టయిందేమో అని తెర చూసుకుంది.

ఆగస్టు 24

డైరెక్టరమ్మ సరేనన్నాక ఈమెతో బ్లడ్ బ్యాంకుకు వెళ్ళాను. సోడాబుడ్డి అని ఆమె పిలుచుకునే ఇంజనీరు ఆమె కుర్చీలో కూర్చున్నాడు. తన పాస్‌వర్డ్‌ను తనకే తెలియకుండా మార్చమని ఆమే చెప్పింది. అతడు టైప్ చేస్తుంటే గోడవైపు తిరిగి నిలబడింది.

అయిపోయింది మేడమ్ అన్నాడు. ఆమె తిరగలేదు.

నేనూ వెళ్ళి పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డాను.