చిన్న బండి, ఎడం పక్క

నరసరావుపేట,
మంగళవారం.

అమ్మకు, నీ కెజియా వందనాలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నేను క్షేమం, కోళ్ళు క్షేమం. నాన్న సంగతి కిందికి వచ్చాక రాస్తాను. నాగపూర్లో నువ్వు, షెర్లీ అక్క, బావ, రెండు నెలల మన బుడ్డది బాగున్నారని తలుస్తాను.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోన్ మోగితే చాలు, నాన్న స్పీకర్లో పెట్టమంటాడు. నీకేమో విన్న మాట పైకి అనేసే అలవాటు. అందుకని. ముందు నువ్వు నారింజ పళ్ళ సంచిలో పెట్టి పంపిన చీటీకి జవాబులు.

ఉసిరికాయ పచ్చడి బూజు పట్టలేదు. పెద్ద బండిని నిజంగానే అమ్మేశాం. నకరికల్లు దగ్గర హైవే పక్కన టిఫిన్ హోటల్ పెట్టుకునే ఆయన కొన్నాడు. మనం పడుకున్న మంచాల మీద ఇప్పుడు జనం ఇడ్లీలు తింటున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీలో బస్సు తోలి, రిటైరయ్యాక వేలంలో పాత బస్సే కొని, సీట్లు పీకి పొయ్యి, మంచాలు బిగించి మనల్ని కన్యాకుమారి దాకా తిప్పిన మనిషి దాన్నెట్లా వదిలాడే అని అడిగావు. నేనూ అడిగాను. "డీజిల్ తాగుద్ది. ఊళ్ళ సందుల్లో తిరగదు. అంత బండి మనకెందుకే?" అన్నాడు. అప్పుడు నమ్మాను.

కొత్తది, అంటే మనకు కొత్తది, పాత బండ్లమ్మే అక్రం భాయ్ దగ్గర కొన్న వ్యాను. గుంటూరు వాళ్ళెవరో పిల్లలతో తిరగడానికి చేయించుకున్నారట. రెండు మంచాలు, మడిచే బల్ల, ఒక్క పొయ్యి. సింకులో మన చారు గిన్నె పట్టదు. నువ్వు నిలబడితే తల తగలదు, బావకు తగులుద్ది. లెట్రిన్ లేదు, పెట్రోలు బంకులే దిక్కు. తాళం కూడా ఒకటే ఇచ్చాడు. "రెండోది ఎక్కడో పోయిందంట దానియేలన్నా, చేయించుకో" అన్నాడు అక్రం భాయ్. నాన్న ఇంకా చేయించలేదు.

ఉయ్యాలకు చోటుందా అని అడిగావు. ఉంది. నాన్న పైన ఇనప కొక్కెం బిగించి, తనే వేలాడి చూశాడు. "నా మనవరాలు నాగపూర్ నుంచి పేట దాకా ఊగుతా వచ్చిద్ది" అని వీధంతా చెప్పాడు. వచ్చే నెల ఐదో తారీకున మీ కోసం బయలుదేరతానంటున్నాడు.

అమ్మా, ఆ కొక్కెం వైపు నేను చూడలేకపోతున్నాను.

నువ్వు అక్క కాన్పుకు వెళ్ళాక, క్రిస్మస్ ముందు రోజు నాన్న స్నానాల గదిలో పడ్డాడు. నీకు చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. తలనొప్పి అని రెండు రోజులు పడుకుని లేచాడు. మాట బాగుంది, నడక బాగుంది. కంచం దగ్గర మాత్రం తేడా కనిపించింది. కుడి పక్క అన్నం తిని, "పప్పు వెయ్యలేదేందే?" అనేవాడు. పప్పు ఎడమ పక్కనే ఉంది. నేను కంచం తిప్పేదాన్ని. "ఇప్పుడేశావు చూడు, దొంగముండా" అని నవ్వేవాడు. నేనూ నవ్వాను మొదట్లో.

తర్వాత పెద్ద బండి గీతలు చూశాను. మన గేటు స్తంభం, చర్చి ముందు వేపచెట్టు, పాస్టరు గారి స్కూటరు, అన్నీ ఎడమ పక్కే. కుడి పక్క ఒక్క గీత లేదు. కంటి పరీక్షల క్యాంపుకు తీసుకెళితే చివరి వరస దాకా అక్షరాలు గడగడా చదివాడు. "డ్రైవర్ కళ్ళే ఇవి" అని వీధిలో చెప్పుకున్నాడు. గుంటూరులో ఫిజియోథెరపీ చదివే నా స్నేహితురాలు భవ్యకు అంతా చెప్పాను. "కళ్ళు కాదే, తల. చిన్న పక్షవాతం వచ్చి పోయుండొచ్చు. ఎడమ పక్క ఉన్నది ఆయనకు తెలియట్లేదేమో. ముందు స్కాన్ తీయించు, రెండోసారి చెప్పి రాదు" అంది. నాన్నతో అంటే, "నాకేం రోగం? నీ స్కాను నువ్వు తీయించుకో" అన్నాడు.

అందుకని నేను క్లీనరునయ్యాను. గుర్తుందా, చిన్నప్పుడు పెద్ద బండిలో ఎడమ తలుపు దగ్గర నన్ను నిలబెట్టి నేర్పాడు. రేకు మీద ఒక దెబ్బ కొడితే పోవచ్చు, రెండు కొడితే ఆగాలి. ఇప్పుడు ఈ వ్యానులో ఎడమ సీట్లో కూర్చుని చెయ్యి బయట పెట్టి కొడుతున్నాను. నాన్నకు సరదాగా ఉంది. "మా క్లీనరు బీటెక్ చదివింది" అని నవ్వుతాడు. ఆయన ఎడమ కన్నుగా ఉన్నానని నేననుకుంటున్నాను. రాత్రిళ్ళు నిద్రలో కూడా చెయ్యి మంచం పట్టెను కొడుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. చదివాక నన్ను తిట్టు.

పోయిన గురువారం పెద్ద బండిలో మరిచిపోయిన నీ చిన్న రోలు తేవడానికి నకరికల్లు వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు ఊరి లోపలి రోడ్డు పట్టాం. ఎడమ అంచున ఒక ముసలామె తల మీద గడ్డిమోపుతో మాకు ఎదురుగా వస్తోంది. దూరం నుంచే చూశాను. చెయ్యి బయటే ఉంది. కొట్టలేదు.

కావాలనే కొట్టలేదమ్మా. నిజంగా చూడలేడా, లేక నేనే భయపడి చస్తున్నానా, తేల్చుకోవాలనిపించింది. ఇప్పుడు తిప్పుతాడు, ఇప్పుడు తిప్పుతాడు అనుకున్నాను. నాన్న పాట పాడుకుంటూ నేరుగా పోతున్నాడు. నేను గబగబా రెండు దెబ్బలు కొట్టేసరికి అద్దం గడ్డిమోపుకు తగిలింది. ఆమె గిర్రున తిరిగి కాలవలో పడింది.

మోపు మీద పడబట్టి బతికింది. మోచేయి చీరుకుపోయింది, అంతే. పేరు జైనాబ్ బీ. లేపి, వ్యానులోంచి నీళ్ళు తెచ్చి కడిగాను. నాన్నను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. "ఏందయ్యా, కళ్ళు ఇంటికాడ పెట్టొచ్చావా? ఏనుగంత మోపు కనపడలా?"

నాన్న ఆమెకు దణ్ణం పెట్టాడు. తర్వాత నా వైపు వంగి, మెల్లగా, "ఏమే, ఈమె ఏ పక్క నుంచి వచ్చింది?" అని అడిగాడు.

"ఎడమ పక్క నుంచి నాన్నా" అన్నాను.

ఆమె వెళ్ళాక నాన్న ఇంజను ఆపి గట్టు మీద కూర్చున్నాడు. ఆఖరికి నా ముఖం చూడకుండా అన్నాడు: "పెద్ద బండికి ఎడం పక్క చానా ఉంటదే. చిన్నదైతే కొంచెమేగా, సరిపోయిద్ది అనుకున్నా."

తెలుసమ్మా ఆయనకు. డీజిలూ కాదు, సందులూ కాదు. పోతున్న చూపుకు సరిపడా బండి కొనుక్కున్నాడు.

"మీ అమ్మకు చెప్పమాకే. మనవరాల్ని తెచ్చేదాకా" అన్నాడు. సరేనన్నాను.

తెల్లారి ఏమీ జరగనట్టే రెండో గేరు సరిగా పడటం లేదని మెకానిక్కుతో మాట్లాడాడు. ఐదో తారీకు మారలేదు. నిన్న పొద్దున బండి తాళం కనపడలేదని ఇల్లంతా తిరగేశాడు. "ఏమే కెజియా, తాళం తీశావా?" అని అరిచాడు. నేను తియ్యలేదు. అది ఆయన ముందున్న బల్ల మీదే, ఎడమ చేతికి జానెడు దూరంలో ఉంది. కదలకుండా నిలబడి చూశాను. ఆయన పెరట్లోకి పోయాక అప్పుడు తీశాను.

కవరు బరువుగా ఉందేమిటా అనుకుని ఉంటావు. అందులో ఉన్నది ఆ తాళమే. ఇంట్లో ఎక్కడ దాచినా నాన్న అడిగితే ఇచ్చేస్తాను, నా సంగతి నీకు తెలుసు. స్పీడ్ పోస్టులో పంపితే ఇక ఇవ్వలేను. రెండో తాళం చేయించడానికి కూడా మొదటిది కావాలిగా.

నువ్వు ఐదో తారీకు దాకా ఆగొద్దు. స్కాను మాట నువ్వంటేనే వింటాడు. అక్కను, బుడ్డదాన్ని తర్వాత బావ తీసుకొస్తాడు. నువ్వు సికింద్రాబాద్ వచ్చి రైలు మారి నడికుడిలో దిగు. నేనూ నాన్నా పేట నుంచి బస్సులో వచ్చి అక్కడ స్టేషన్లో నిలబడతాం. తాళం నాన్న చూస్తుండగా నా చేతికివ్వు. కారు లైసెన్స్ నాకుంది, ఇది చిన్న బండేగా. నాన్నను ఎడమ సీట్లో కూర్చోబెడదాం. అక్కడ కూర్చుంటే రోడ్డంతా ఆయనకు కుడి పక్కే.

ఒప్పుకుంటాడో లేదో తెలియదు. నా మీద మళ్ళీ నవ్వుతాడో లేదో తెలియదు. జైనాబ్ బీ విషయంలో నేను చేసింది మాత్రం ఆయనకు చెప్పకు. అది నేనే చెప్పాలి.

ఇది రాస్తుంటే పక్క గదిలో బీరువా తలుపులు చప్పుడవుతున్నాయి. "దొరికిందా అమ్మాయ్?" అంటున్నాడు. "వెతుకుతున్నా నాన్నా" అన్నాను.

త్వరగా రా.

ఇట్లు,
నీ చిన్న కూతురు, నాన్న బండికి క్లీనరు,
కెజియా.