మబ్బు పట్టిన బల్ల

తేదీ: ఈ నెల పన్నెండు, మంగళవారం

చెక్కపని మేస్త్రీ, నా బావమరిదీ అయిన నీకు నీ బావ రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, నీ మేనకోడలైన నా కూతురూ, ఇద్దరమే. అక్కడ నువ్వూ, నీ భార్యా, పిల్లలూ కూడా బాగుండాలి. ఉత్తరం అన్నాక మొదట ఇవి రాయాలి కాబట్టి రాశాను. ఇక అసలు సంగతికొస్తాను. నా రాత కోడి గెలికినట్టు ఉంటుందని నీకు తెలుసు. నవ్వడానికి తొందరపడకు. నిదానంగా కూడబలుక్కుని చదువు.

ఆరేళ్లయింది నువ్వు నీ చెక్కపని షెడ్డులో స్పిరిట్ బీరువాకి తాళం వేసి. మరిచిపోయాననుకున్నావేమో, మరవలేదు. నేను పాలిష్ పనివాడిని. లక్క రేకులు స్పిరిట్‌లో నానితేనే నా పని మొదలయ్యేది. అలాంటివాడితో, షెడ్డులో అందరి ముందూ, బావా నీకు ఎంత కావాలో చెప్పు, కొలిచి పోయిస్తాను అంటావా? పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి నిప్పు కొలిచి ఇస్తారట్రా ఎక్కడైనా? పోనీ తాళంచెవి నీ దగ్గర పెట్టుకున్నావా? షెడ్డు ఊడ్చే ఆవిడ చేతికిచ్చావు. ఆవిడ దాన్ని నడుముకు కట్టుకుని తిరుగుతుంటే నేను గిన్నె పట్టుకుని ఆవిడ వెనక తిరగాలి. రంపం కోసేవాళ్లు పళ్లికిలించారు. ఒకడైతే, పెద్దాయన ఏడుస్తున్నాడు, పాలు పోయండమ్మా అన్నాడు. నువ్వు విన్నావు. విని, చిత్రిక పడుతున్న చెక్క మీదకి తల వంచుకున్నావే గానీ వాడి నోరు మూయించలేదు. ఆ రోజే నా గుడ్డలూ గిన్నెలూ మూట కట్టుకుని వచ్చేశాను.

మీ అక్క అప్పటికి బతికే ఉంది. తప్పు తమ్ముడిదే అంటుందేమోనని చూశాను. అనలేదు. పోయే ముందైనా అంటుందేమోనని చూశాను. అప్పుడూ అనలేదు. ఆ ముల్లు ఇంకా లోపలే ఉంది.

సరే. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే నీతో పని పడింది. వచ్చే సోమవారం నేను ఆస్పత్రిలో చేరాలి. చేతులు వణుకుతున్నాయి. చేర్చుకునేటప్పుడు పక్కన ఇంటి మనిషి ఒకరు ఉండాలట. నువ్వు రావాలి. నీ గుమ్మం తొక్కనన్నవాడు నన్నెందుకు పిలుస్తున్నాడని నీకు అనిపిస్తుంది. అది తెలియాలంటే జరిగింది వినాలి. మధ్యలో అడ్డం రాకు. ఉత్తరంలో రాలేవనుకో, అయినా చెబుతున్నాను.

కొన్నాళ్ల కిందట రిటైరైన నర్సమ్మ ఒకావిడ పాత బల్ల తెచ్చింది, మళ్లీ పాలిష్ పట్టమని. గుండ్రటి బల్ల, నడుమ ఒకటే స్తంభం, కింద మూడు పాదాలు. బోర్లించి చూశాను. మేకు లేదు, జిగురు మరక లేదు, పాదాల దగ్గర వెంట్రుక దూరని అతుకు. ఇంకెవడి పని? నీకు పెళ్లి కాకముందు మనం చేసిన బల్ల. నువ్వు కట్టావు, నేను మెరిపించాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెబితే నిన్ను పొగిడినట్టవుతుంది.

పాతదంతా గీకాను. గరుకు కాగితం పట్టాను. దూది పెట్టిన గుడ్డ ఉండతో పూత మీద పూత వేశాను. ఒకప్పుడు నేను పట్టిన బల్లలో మొహం చూసుకుని తల దువ్వుకునేవాళ్లు, నువ్వు కూడా దువ్వుకున్నావు. చివరి పూత వేసి, టీ తాగొచ్చి చూద్దును కదా, బల్లంతా తెల్లగా మబ్బు పట్టింది. అద్దం మీద ఊపిరి ఊదినట్టు. తుడిచాను, పోలేదు. ఇంకో పూత వేశాను, ఇంకా పాలిపోయింది. నీకు వేరే చెప్పక్కర్లేదు. పాలిష్ అలా అయిందంటే స్పిరిట్‌లో నీళ్లున్నట్టే.

ఒళ్లు మండింది. డబ్బా చంకన పెట్టుకుని రంగుల కొట్టుకు పోయాను. కొట్టు నిండా జనం. ఉంటే మరీ మంచిదనుకున్నాను. నీళ్లు కలిపి అమ్ముకుంటావా, ఆ బతుక్కంటే అడుక్కుతినడం మేలురా అని గొంతు చించుకుని అరిచాను. కొట్టతను మర్యాదస్తుడు. పెద్దాయనా కూర్చోండి, మీరు మా నాన్న నాటి నుంచీ వస్తున్న మనిషి అన్నాడు. కూర్చోవడానికి రాలేదన్నాను. అతను లోపలికెళ్లి టీ తాగే సాసర్లు రెండు తెచ్చి గట్టు మీద పెట్టాడు. సీలున్న కొత్త డబ్బా తీసి, అందరికీ చూపించి, తెరిచి, ఒకదాంట్లో కాస్త పోశాడు. నా డబ్బాలోది రెండోదాంట్లో పోశాడు. రెండిటికీ అగ్గిపుల్ల గీశాడు. అతని సాసరు మండి మండి పొడిగా ఆరింది. నాది ఆరాక అడుగున నీళ్లు మిగిలాయి. వెనకనుంచి ఎవడో, మొహం కడుక్కోవచ్చు అన్నాడు. నవ్వారు. ఆ నవ్వు నీ షెడ్డులో నవ్వుకి అన్నగారు.

చివరికి తేలిందేమిటంటే ఆ నీళ్లు పోసింది నీ మేనకోడలు. బడిలో పాఠాలు చెప్పడం ముగించుకుని ఇంటికి పోతూ నా గొంతు విని కొట్టులోకి వచ్చింది. అందరి ముందూ తనే ఒప్పుకుంది. తెలియక పోసిందిలే. నా బిడ్డే కదా అని క్షమించేశాను.

తరవాత నర్సమ్మకు కబురు పెట్టాను, బల్ల పాడైందని చెప్పడానికి. వచ్చింది. బల్ల వంక ఒకసారి చూసి, నా చేతుల వంక చాలాసేపు చూసింది. పొద్దున లేవగానే ఇంకా ఎక్కువ వణుకుతాయా అని అడిగింది. అవునన్నాను. మరి పనెలా చేస్తారంది. ఒక గుక్క పడితే నిలబడతాయి, నలభై ఏళ్లుగా అదే నా వైద్యం అన్నాను, కాస్త గొప్పగానే. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ చూపు నాకు నచ్చలేదు. నేనేం తాగుబోతును కాదమ్మా అన్నాను. దారిలో పడి దొర్లింది లేదు, భార్య మీద చెయ్యెత్తింది లేదు, ఒప్పుకున్న పని ఎగ్గొట్టింది లేదు అని వేళ్లు మడిచి చెప్పాను. అన్నీ విని, అవేవీ చెయ్యనివాళ్లతోనే మా వార్డు నిండి ఉండేది పెద్దాయనా అంది. తాగితే వణికేవాడు వేరు, తాగకపోతే వణికేవాడు వేరు, మీరు రెండోవారు అంది.

మేస్త్రీ, చెయ్యి నిలవడానికి తాగుతున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆ చెయ్యిని వణికించేది కూడా అదేనట. దొంగే వచ్చి, రాత్రి మీ ఇంట్లో దొంగలు పడ్డారటగా అని పరామర్శిస్తే, వాడికి కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టుంది నా తెలివి. సరే, రేపే మానేస్తానన్నాను. ఆవిడ గట్టిగా వద్దంది. ఈ వయసులో, ఇన్నాళ్ల అలవాటు, ఒంటరిగా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి వస్తుంది, ఆస్పత్రిలో వాళ్లు చూస్తుండగా ఆపాలి అంది.

నీ మేనకోడలు నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నా మనవరాలి వయసుది. ఏం తాగుతారు, ఎంత, ఎప్పట్నుంచి అని అడిగింది. పక్కన కూతురుంది. ఎప్పుడైనా ఒక గ్లాసు అన్నాను. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. నీ మేనకోడలు గోడ మీది క్యాలెండరు వంక చూసింది. ఆ నెలలో అంత చూడాల్సిందేముందో మరి. డాక్టరమ్మ ఏమందంటే, సోమవారం మంచం ఖాళీ అవుతుంది, వచ్చి చేరండి, కానీ మీరు అబద్ధం చెబితే పక్కనుంచి తొడపాశం పెట్టే మనిషిని ఒకర్ని వెంట తెచ్చుకోండి, మందులు మీరు చెప్పే జవాబుల్ని బట్టే ఉంటాయి అంది.

అలాంటి మనిషి ఎవరా అని ఆలోచించాను. నీ మేనకోడలి వల్ల కాదు, మళ్లీ క్యాలెండరు చూస్తుంది. నేను ఎవరి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నానో ఆ మొహమే ఎదురొచ్చింది. ఏం చెయ్యను. అందుకే రాస్తున్నాను. ఇందులో బతిమాలడం ఏమీ లేదు.

ఇట్లు
నీ బావ

మళ్లీ రాసేది, బుధవారం పొద్దున

పైన ఉత్తరం మడిచి కవర్లో పెట్టాను. మళ్లీ తీశాను. అందులో ఒకచోట అబద్ధం రాశాను. కొట్టేద్దామనుకున్నాను గానీ, కొట్టేస్తే కాగితాన్ని వెలుతురుకు పెట్టి కింద ఏముందా అని చూస్తావు, నీ గుణం నాకు తెలుసు. అందుకని దాన్ని అలాగే ఉంచి, నిజం ఇక్కడ రాస్తున్నాను.

డబ్బాలో నీళ్లు పోసింది నేను.

ఎందుకు పోశానంటే, అందులోది తాగుతున్నాను గనక. సారా బదులు ఇది తాగడం మీ అక్క పోయాక మొదలైంది. కాదు, అంతకుముందే అప్పుడప్పుడూ ఉంది, ఆవిడ పోయాక రోజూ అయింది. సారా కొట్టు ముందు నిలబడితే, అదుగో టీచరమ్మ వాళ్ల నాన్న అని జనం అంటారు. స్పిరిట్ డబ్బా మోసుకొస్తే ఏమీ అనరు, అది పని సామాను. పరువు కోసం విషం తాగిన మొనగాణ్ణి నేను. డబ్బా మీద పుర్రె బొమ్మ వేసి ఉంటుంది. నాలాంటి అరకొర చదువువాడికి కూడా అర్థం కావాలనే కదా ఆ బొమ్మ. దాన్ని గోడవైపు తిప్పి పెట్టుకునేవాణ్ణి. చూపు మసకేస్తుంటే వయసు మీద పడుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. డబ్బా తేలికవుతుంటే కూతురికి తెలుస్తుందని, తీసినంత నీళ్లు పోసి బరువు సరిచేశాను. అదే డబ్బాతో పాలిష్ కలుపుకుని నీ బల్ల మీద పూశాను. స్పిరిట్‌లో నీళ్లు పడితే ఏమవుతుందో ఊళ్లో అందరికంటే బాగా తెలిసినవాడిని. ఆ పోసింది నేనేనని ఆ వేళకి నాకే గుర్తు లేదు. కొట్టుకు పోయింది నిజంగా ఆ కొట్టతను దొంగ అనుకునే. సాసర్లో మిగిలిన నీళ్లు చూశాకే గుర్తొచ్చింది.

అప్పుడైనా నోరు మూసుకుని ఇంటికొస్తే మనిషినయ్యేవాణ్ణి. మా అమ్మాయి పోసుంటుంది అన్నాను. ఇంకా రాయాలి, ఆగకూడదు. అలా అన్నప్పుడు అది గుమ్మంలోనే ఉంది. భుజాన సంచి, చేతికి సుద్దముక్క పొడి. నేను చూడలేదు. కొట్టతను చూశాడు. ఏమ్మా, మీరేనా పోసింది అని అడిగాడు. అది నా వంక ఒకసారి చూసి, అవునండీ, నేనే పోశాను, పొరపాటైంది, క్షమించండి అంది. దాని దగ్గర చదువుకునే పిల్లల తల్లి ఒకావిడ అక్కడే ఉంది. టీచరమ్మా, ఇంత చదువుకుని అదేం పనండీ అంది. దానికీ తల ఊపింది. కొట్టతనికి నిజం తెలిసిపోయింది. పర్లేదమ్మా అని దానితో అంటూ నా వంక చూశాడు. నేను దొంగ అన్న మనిషి, నన్ను దొంగ అనలేదు.

ఇంటికి వస్తూ మా వీధి మలుపులో, నాన్నా మెట్టుంది చూసుకో అంది. తిడితే బాగుండేది. మీ అక్క కూడా అంతే, తిట్టేది కాదు.

దాన్ని క్షమించానని పైన రాశాను. నా బతుకులో రాసినవే తక్కువ, అందులో ఇంత సిగ్గుమాలిన మాట ఇంకోటి లేదు. ఈ పొద్దున ఆ డబ్బా తీసుకెళ్లి దాని చేతికిచ్చాను. తీసుకుని లోపలికి పోయింది. సోమవారం దాకా ప్రాణం మీదకి రాకుండా డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాను. డబ్బా సంగతి మాత్రం డాక్టరమ్మకి ఇంకా తెలీదు. నోటితో చెప్పాలంటే నాలుక తిరగడం లేదు. కాగితం మీదైతే ఇదిగో, వచ్చింది. సోమవారం నేను చెప్పలేకపోతే ఈ కాగితం నువ్వు ఆవిడకి చదివి వినిపించాలి. నేను మాట మారిస్తే, కాదు, ఇదిగో రాశాడు అనాలి. నా రాత చదవగలిగేది మీ ఇంట్లో నువ్వొక్కడివే.

ఆ రోజు నేను తాగుతుంటే నువ్వు చూసే తాళం వేశావో, వాసన పట్టి వేశావో నాకు తెలీదు, అడగను. వేసింది సబబే. పదిమంది ముందు వెయ్యడం మాత్రం తప్పు. అది నేను వదలను, ఆస్పత్రి నుంచి బయటికొచ్చాక తేల్చుకుందాం.

ఈ ఉత్తరం నీ భార్యకు చూపించకు. చూపిస్తావని తెలుసు. సరే, చూపించు.

ఈ ఉత్తరం మనిషి చేత పంపుతున్నాను, జవాబు కూడా అలాగే శుక్రవారం సాయంత్రంలోగా నా చేతికి రావాలి. వస్తానంటే వస్తానని, రానంటే రానని, ఒక్క ముక్క. రానన్నా నేను వెళ్తాను. రాయకుండా మాత్రం ఊరుకోకు. నీ జవాబు రాలేదు గనక సోమవారం ఆగిపోయానని చెప్పుకోవడానికి నాలో ఒకడు ఇప్పటికే కాచుకుని కూర్చున్నాడు. వాడికి ఆ వంక దొరకనివ్వకు. శుక్రవారం. శనివారం కాదు.