డ్రయ్యర్‌కి ఏడు రూల్స్

జూలై 7, సోమవారం

వారం రోజులుగా ఒకటే వాన. మొరాయించడానికి డ్రయ్యర్‌కి ఇంతకన్నా మంచి అదను దొరకలేదు.

గంటలో ఆరాల్సిన బట్టలు రెండు గంటలైనా చెమ్మగానే ఉంటున్నాయి. ఒక్కోసారి అరగంటకే పనైపోయినట్టు బీప్ కొట్టి ఆగిపోతోంది. తీసి చూస్తే ప్యాంట్ల నడుం పట్టీలు తడి, తువ్వాళ్ల మడతలు తడి.

కంగారేం లేదు. లిఫ్టుల కంపెనీలో కంప్లైంట్ డెస్క్ మీద పదహారేళ్లుగా కూర్చున్నదాన్ని. రోజుకి నలభై ఫోన్లు. అందరిదీ ఒకటే పాట, మేమేం చెయ్యలేదండీ, దానంతటదే ఆగిపోయింది అని. దానంతటదే ఆగిపోయిన లిఫ్టుని నేనింతవరకు చూడలేదు. ప్రతి రిపేరు వెనకా ఎవరిదో ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిదో తెలిస్తే సగం రిపేరు అయిపోయినట్టే.

మా ఇంట్లో చేతులకి కొదవలేదు. కింద మా ఆయన, నేను, అత్తగారు. మేడమీద మా మరిది, తోడికోడలు, వాళ్ల ఏడాదిన్నర కూతురు. దాన్ని అందరం పిడుగు అంటాం, ఆ పేరుకి అది పూర్తి న్యాయం చేస్తోంది. ఇంతమందికీ డ్రయ్యర్ ఒక్కటే, వంటింటి వెనక గదిలో. పదిహేనేళ్ల సర్వీసు పూర్తయినప్పుడు మా కంపెనీ నాకిచ్చిన బహుమానం. అంటే నాది. అందరూ వాడుకుంటారు, అది వేరే సంగతి.

రేపు చూస్తాను దాని పని.

జూలై 8, మంగళవారం

ప్లగ్ తీశాను. డ్రయ్యర్‌ని గోడ నుంచి ముందుకి లాగాను. మా ఆయన సాయం చేస్తానంటూ వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, వెళ్లిపోయారు.

వేడిగాలి బయటికి పోయే గొట్టం గోడకీ మిషన్‌కీ మధ్య నలిగిపోయి ఉంది. లోపల గుప్పెడు నూగు. బట్టల నుంచి రాలే దూదిలాంటి బూడిదరంగు నూగు. గోడ అవతల గొట్టం చివరి మూతకి కూడా తడిసిన నూగు అట్టకట్టి, మూత తెరుచుకోవడమే మానేసింది. అంతా లాగి పారేసి, గొట్టం సాపు చేసి బిగించాను. నూగు పట్టుకునే జాలీ, ఆ ఫిల్టర్ కూడా తీసి చూశాను. తళతళలాడుతోంది. నా చేతిలో ఉన్నంతవరకు అలాగే ఉంటుంది మరి.

అయితే ఇంత నూగు వదిలిందెవరు? పిల్ల బట్టలతో రోజూ డ్రయ్యర్ తిప్పేది తోడికోడలు. పిలిచి, ప్రతి రౌండు తర్వాతా ఫిల్టర్ తియ్యాలని ఇంకోసారి చెప్పాను. తీస్తూనే ఉన్నానక్కా అంది. తీస్తే ఇదెక్కడిది అని గుప్పెడు నూగు చూపించాను.

వెళ్తూ వెళ్తూ షీట్ల గురించి ఏదో చెప్పబోయింది. బట్టలు మెత్తగా, మంచి వాసనతో రావడానికి నేను డ్రమ్ములో వేసే పల్చటి షీట్లు. అయిపోయాయేమో అనుకుని, కొత్త డబ్బా అలమరలో ఉంది, ఎన్నైనా వాడుకో అన్నాను. వాళ్ల బట్టలు తిరుగుతున్నప్పుడు కూడా నేనే వెళ్లి రెండు మూడు పడేస్తుంటాను. పిసినారితనం నా ఒంట్లో లేదు.

జూలై 9, బుధవారం

ఒక్క రౌండులో ఆరాయి. నేను చెప్పానా లేదా.

జూలై 12, శనివారం

మళ్లీ మొదటికొచ్చింది. దుప్పట్లకి మూడు రౌండ్లు.

గొట్టం చూశాను, శుభ్రంగా ఉంది. మూత ఆడుతోంది. అంటే వాడే పద్ధతిలోనే లోపం. ఆఫీసులో కూర్చుని ఏడు రూల్స్ రాశాను. డ్రమ్ము సగానికి మించి నింపకూడదు, నీళ్లు ఓడే బట్టలు వెయ్యకూడదు, ఫిల్టర్ తియ్యకుండా గది దాటకూడదు వగైరా. పిల్ల బట్టలకి మంగళ, శుక్రవారాలు. అక్కడే ప్రింటు తీసి, సాయంత్రం డ్రయ్యర్ తలుపుకి అతికించాను.

మా ఆయన చదివి, చలాన్లు కూడా రాస్తావా అన్నారు. అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, తన రగ్గు ఎన్నో రూలు కిందికి వస్తుందని అడిగారు. తోడికోడలు చదివి, సరే అక్కా అంది. అంతే.

జూలై 15, మంగళవారం

తోడికోడలు రూల్స్ తు.చ. తప్పకుండా పాటిస్తోంది. తన రోజు కాకపోతే ఆ గది వైపే రావడం లేదు. నోట్లో నాలుక లేని మనిషి. పేచీ లేదు, గొడవ లేదు. ఇంట్లో ఒక పద్ధతంటూ ఉంటే ఇలా ఉంటుంది.

డ్రయ్యర్ మాత్రం అలాగే ఏడుస్తోంది.

జూలై 18, శుక్రవారం, ఉదయం 7

డ్రమ్ము తిరుగుతోంది, వేడి లేదు. లోపల చెయ్యి పెడితే చల్లగా ఉంది. హీటర్ ఫ్యూజ్ పోయి ఉంటుంది. మెకానిక్‌కి ఫోన్ చేసి అదే చెప్పాను, ఫ్యూజ్ తెచ్చుకోమని కూడా చెప్పాను.

అదే రోజు, సాయంత్రం

ఫ్యూజే. ఇరవయ్యేళ్లుగా ఇదే పని చేస్తున్న పెద్దమనిషి. నేను చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. కొత్తది వేసి, ఇది ఊరికే పోదమ్మా, గాలి ఆడక లోపల కాగిపోతేనే పోతుంది, ఫిల్టర్ ఇలా ఇవ్వండి అన్నాడు. దాని సంగతి వదిలెయ్యండి, అందులో మొహం చూసుకోవచ్చు, గొట్టం చూడండి అన్నాను. గొట్టం చూశాడు, బాగుంది. నా వైపు ఒకసారి చూసి స్క్రూలు బిగించుకున్నాడు. మళ్లీ పోతే పిలవండి అని వెళ్లాడు. ఎక్కువ మాట్లాడని మనిషి. నాకు అలాంటివాళ్లే నచ్చుతారు.

జూలై 20, ఆదివారం

చాలా రోజుల తర్వాత మేడమీదికి వెళ్లాను. వాళ్ల పడకగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి మూడు తాళ్లు. వాటినిండా పిడుగు గౌన్లు, బొంతలు, తుడిచే గుడ్డలు. కిటికీ మూసి ఉంది, బయట వాన. గోడ మూల నల్లగా చెమ్మెక్కింది. గదంతా ముక్కిన వాసన. పిడుగు దగ్గుతోంది.

ఇదేమిటి, కింద డ్రయ్యర్ ఉండగా అన్నాను. ఇవాళ మా రోజు కాదు కదక్కా అంది. పిల్ల బట్టలకి కూడా రోజులు చూస్తావా, అడగొచ్చు కదా అన్నాను. అడగొచ్చా అక్కా అంది. వెటకారమేమో అని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అడిగింది.

కిందికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

జూలై 23, బుధవారం

పిడుగుకి ఆయాసం. డాక్టరు దగ్గర మూతికి మాస్కు పెట్టి మందు పట్టించారు. గదిలో తడిబట్టలు ఆరేస్తున్నారా అన్నదే డాక్టరమ్మ మొదటి ప్రశ్నట. ఈ సంగతి మా మరిది మెట్ల మీద నిలబడి వాళ్లన్నయ్యకి చెప్పాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, నాకు చెప్పలేదు.

రూల్స్‌లో పిల్ల బట్టలకి ప్రతిరోజూ అని పెన్నుతో దిద్దాను. ఎవరూ చూసినట్టు లేదు.

జూలై 25, శుక్రవారం

వాళ్లు వేరే ఇంటికి వెళ్లిపోతున్నారు. రెండు వీధుల అవతల చిన్న ఫ్లాట్, ఎండ పడే బాల్కనీ ఉందట. ఒకటో తారీకు నుంచి. నాకు చెప్పింది అత్తగారు. చెప్పి, కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు.

ఒక డ్రయ్యర్ కోసం ఇల్లు విడిచి పోతారా? పోనీ. నేనేం వెళ్లమన్నానా? రూల్స్ అందరి మంచికే పెట్టాను. మా ఆయన, నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్నారు. తలుపు గట్టిగా వేశాను.

నిజం రాసుకోవాలంటే, ఏడుపొస్తోంది. ఆ పిల్ల నా మోకాళ్లు పట్టుకునే లేచి నిలబడటం నేర్చుకుంది.

జూలై 26, శనివారం, సాయంత్రం 5

మళ్లీ ఫ్యూజ్ పోయింది. మెకానిక్ వచ్చాడు. ఈసారి నన్నేమీ అడగలేదు. ఫిల్టర్ లాగి, తిన్నగా సింకు దగ్గరికి పట్టుకెళ్లి కుళాయి కింద పెట్టాడు.

నీళ్లు కిందికి దిగలేదు. పళ్లెంలో పోసినట్టు ఆ జాలీ మీదే నిలబడ్డాయి. నూగు పోగు ఒక్కటి లేదు, తళతళలాడుతోంది, చుక్క దిగదు. నమ్మకం కుదరక నేను కూడా పట్టి చూశాను. నిలబడ్డాయి.

షీట్లు ఎవరు వాడతారమ్మా అన్నాడు. వాటిలోని మైనంలాంటి పదార్థం వేడికి కరిగి జాలీ కన్నాలకి పొరలా పట్టేస్తుందట. కంటికి కనిపించదు. నీళ్లే దిగనిచోట గాలెలా పోతుంది? డ్రమ్ములో రెండు ఇనప పట్టీలుంటాయి, బట్టల్లో తడి ఉందో లేదో అవే పసిగట్టేది. వాటికి కూడా ఆ పొరే పట్టి, మిషన్ తడిబట్టల్ని ఆరిన బట్టలనుకుని ఆగిపోతోంది. సబ్బుతో, మెత్తటి బ్రష్‌తో ఫిల్టర్ రుద్దాడు. పట్టీలు తుడిచాడు. ఈసారి కుళాయి తిప్పగానే నీళ్లు జాలీలోంచి ధారగా దిగిపోయాయి.

రౌండుకి రెండు మూడు వేస్తున్నారా అని అడిగాడు. అవును, నేనే, అన్నాను. తల కొట్టేసినట్టయింది. కాపలా కాస్తున్నాననుకున్నాను. కంచే చేను మేసింది.

అదే రోజు, 6.30

డైరీ వెనక్కి తిప్పాను. జూలై 8. నా చేతిరాతే. షీట్ల గురించి ఏదో చెప్పబోయిందట. ఎన్నైనా వాడుకో అన్నానట.

జూలై 27, ఆదివారం

పొద్దున్నే అందర్నీ కింద హాల్లో కూర్చోమన్నాను. సాగదియ్యలేదు. డ్రయ్యర్ పాడుచేసింది నేను, నింద వేసింది తోడికోడలి మీద, దానివల్ల పిల్లకి జబ్బు చేసింది, తప్పు నాది, అన్నాను. రూల్స్ కాగితం చింపేశాను. అత్తగారు నా మొహం వైపు అలా చూస్తుండిపోయారు. ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్లు, నా నోట ఆ మాట ఆవిడ వినడం ఇదే మొదటిసారి.

తెలుసక్కా, అంది తోడికోడలు.

ఎప్పటి నుంచి అని అడిగాను. మొదట్నించీనట. షీట్లు వాడితే ఫిల్టర్ పూడుకుపోతుందని మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉందట. పైగా ఆ షీట్లతో ఆరిన బట్టలు వేస్తే పిడుగుకి ఒళ్లంతా ఎర్రగా పొక్కుతోందట. అందుకే వీలైనప్పుడల్లా గదిలో ఆరేసుకునేదట. మరి గట్టిగా చెప్పలేకపోయావా అన్నాను. నీ మాటల మధ్యలో సందు దొరకాలి కదక్కా అంది. కోపంగా అనలేదు. వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది.

వెళ్లొద్దు, ఉండండి అని అడిగాను. లేదక్కా, డ్రయ్యర్ కోసం వెళ్లట్లేదు, ఏ పనికైనా ముందు ఎవర్నీ అడక్కుండా ఒక ఇంట్లో ఉండి చూడాలనుంది అంది.

దీనికి నా దగ్గర జవాబులు నాలుగున్నాయి. నాలుగూ మంచివే. ఒక్కటీ చెప్పలేదు. ఇంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

జూలై 30, బుధవారం

డ్రయ్యర్ వాళ్లింటికి పంపించాను. మా మరిది వద్దంటే వద్దన్నాడు, అది మీ సర్వీసుకి ఇచ్చింది వదినా అన్నాడు. నీకు కాదు, నా పిడుగుకి ఇస్తున్నాను, మధ్యలో నువ్వెవరు అన్నాను. అన్నిచోట్లా తగ్గితే నేను నేనెలా అవుతాను?

మెకానిక్‌ని తీసుకుని ఆ ఫ్లాట్‌కి వెళ్లాను. గొట్టం మూరెడుకి మించకూడదు, వంపులుండకూడదు, ప్లాస్టిక్‌ది కాదు, ఇనపరేకుదే కావాలి. గోడకి కన్నం ఎక్కడ కొట్టాలో వేలెత్తి చూపించబోయి, ఆ వేలు దించేశాను. ఎక్కడ కావాలో తోడికోడలు చూపించింది. నేననుకున్న చోటు కాదు. చూస్తే అదే మంచి చోటు.

షీట్ల డబ్బా చెత్తబుట్టలో వేశాను.

ఆగస్టు 1, శుక్రవారం

వెళ్లారు. మెట్ల మీద చప్పుడు లేదు.

ఆగస్టు 5, మంగళవారం

వాన తగ్గలేదు. హాల్లో కుర్చీల వీపుల మీద దుప్పట్లు, తలుపుల మీద చొక్కాలు. మా ఆయన మేజోళ్లు టీవీ వెనక ఆరుతున్నాయి, అక్కడ వెచ్చగా ఉంటుందని ఆయన కనిపెట్టారు. అత్తగారు తడి రగ్గు వాసన చూసి, దీనికి ఇప్పుడు ఏ రూలూ లేదు కదా అన్నారు. నవ్వారు కూడా. ఆవిడ నవ్వి పదిరోజులైంది.

ఫోన్ చెయ్యాలని నాలుగుసార్లు తీశాను. చెయ్యలేదు. చేస్తే ఫిల్టర్ కడిగావా అనే అడుగుతాను, నా సంగతి నాకు తెలుసు.

ఆగస్టు 9, శనివారం, ఉదయం 10.15

తనే చేసింది. డ్రయ్యర్ తిరుగుతుంటే దడదడమని ఒకటే చప్పుడట. ఏం చెయ్యమంటావక్కా అంది.

డ్రమ్ము కింద రోలర్ అరిగింది. ఫోన్లో చప్పుడు వినగానే తెలిసిపోయింది.

నీకేమనిపిస్తోంది, అని అడిగాను.

లైన్లో ఉన్నావా అక్కా అంది. ఉన్నాను, చెప్పు, అన్నాను.

చెప్పడం మొదలుపెట్టింది. నలభై నిమిషాలు చెప్పింది. డ్రయ్యర్ గురించి మొదటి రెండు నిమిషాలే.