పుల్లన్న బండ కింద

చిరంజీవి నాగన్నకు,

ఈ కార్డు రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. అడవి కొట్టి ఈ ఊరు కట్టిన మా తాత పుల్లన్న పేరు చెక్కించిన బండ నిలబెట్టడానికి నిన్న గుంత తవ్వించాను. (ఆ బండ కదిరి నుంచి వచ్చిన తీరు వేరే కథ, కలిసినప్పుడు చెబుతాను.) మూడడుగుల లోతున పిండి విసిరే ఇసుర్రాయి తగిలింది. కూలికొచ్చిన ముసలి హనుమంతమ్మ దాన్ని చూడకముందే గట్టు మీద నుంచి అడిగింది: “అంచు విరిగుండాదా అప్పా?”

విరిగే ఉంది. నీకెట్లా తెలుసని అడిగాను.

“మా జేజిది, మా నాయన్ను కన్న తల్లిది. మీ తాత మావోళ్లను తరిమినప్పుడు ఈడ పూడ్చిపెట్టి పోయినారంట.”

“ఇన్నేండ్లూ చెప్పలేదేమ్మా?”

“మీరెప్పుడు అడిగినారప్పా?”

నువ్వు అచ్చు వేయిస్తున్న మన వంశచరిత్ర ఆపించు. ఊరు కట్టినవాళ్లమని మూడు తరాలుగా ఏరువాకకు మొదటి సాలు మనమే దున్నుతున్నాం. ఈ ఉదయం హనుమంతమ్మ కొడుకు తిప్పన్న దున్నాడు. మన ఎద్దులు వెనక నడిచాయి.

మీ పెదనాయన